ఎంటీఈ టెస్టులు పెడితే క్యూఎము చస్తోంది, తప్పు ఎవరిది?

మల్లోక్_మియాపూర్
మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. మా టీమ్ రాసిన ఒక సీ లైబ్రరీని ఆర్మ్ మెమరీ ట్యాగింగ్‌తో, అదే ఎంటీఈతో, పరీక్షించే పని నా నెత్తిన పడింది. మెమరీకీ దాన్ని చూపే పాయింటర్‌కీ ఒకే ట్యాగ్ వేసి, రెండూ కలవకపోతే తప్పు పట్టే ప్రాసెసర్ ఫీచర్ అది. ఎంటీఈ ఉన్న బోర్డు చేతిలో లేదు. అందుకని అంతా క్యూఎము అనే ఎమ్యులేటర్ మీదే, అంటే ఆర్మ్ ప్రాసెసర్‌లా నటించే ప్రోగ్రామ్ మీదే. యూజర్ మోడ్‌లో (ఒక్క ప్రోగ్రామ్‌ని మాత్రమే) నడిపా, వర్ట్ మెషీన్ (నకిలీ బోర్డు) పెట్టి పూర్తి లైనక్స్ బూట్ చేసి కూడా నడిపా. సీపీయూ మ్యాక్స్, మెషీన్ ఆప్షన్లో ఎంటీఈ ఆన్, కెర్నల్ కాన్ఫిగ్‌లో ఎంటీఈ ఉంది, జీలిబ్‌సీ (లైనక్స్ సీ లైబ్రరీ) ట్యూనబుల్‌లో మెమరీ ట్యాగింగ్ విలువ 3, అంటే సింక్ మోడ్.

టెస్టులు 14. ఒకటేమో సిగ్నల్ 11 (సెగ్‌ఫాల్ట్, అంటే తాకకూడని మెమరీని తాకడం) అని చస్తుంది. అదే టెస్టు ఇంకోసారి నడిపితే ఏమీ ఎరగనట్టు పాసైపోతుంది. మరో టెస్టు దగ్గరికొచ్చేసరికి ఎమ్యులేటరే మాయం, గెస్ట్ (లోపల నడిచే లైనక్స్) లేదు, కన్సోల్ లేదు. విసుగొచ్చి మేనేజర్‌కి "ఎమ్యులేటర్ స్టేబుల్‌గా లేదు" అని మెయిల్ కొట్టేశా. శుక్రవారం లోపు తేల్చమన్నారు. ఎవరికైనా ఇలా అయిందా? క్యూఎములో ఎంటీఈని అసలు నమ్మొచ్చా?

సెగ్‌ఫాల్ట్_సుబ్బడు
మెమరీ తప్పులు పట్టుకునే ఫీచర్‌ని టెస్ట్ చేస్తే సెగ్‌ఫాల్ట్ వచ్చిందా? పోలీస్ స్టేషన్‌కి వెళ్తే పోలీసులు కనిపించారు అన్నట్టుంది.

ఇరానీ_చాయ్
మూడు రోజుల నిద్ర అంటే సిస్టమ్‌కి కాదు, నీకే రీబూట్ కావాలి.

కెర్నల్_కాక
తమ్మీ, ముందు ఒక్క ముచ్చట చెప్పు. సచ్చింది ఎవరు? లోపల నడిచే నీ ప్రోగ్రామా, బయట దాన్ని నడిపిస్తున్న క్యూఎమునా? నువ్వు రెండు తీర్ల చావులు ఒక్క పోస్టుల కలిపినవ్.

యూజర్ మోడ్‌ల "అన్‌కాట్ టార్గెట్ సిగ్నల్ 11" అని ఒక లైన్ పడ్తది. లైన్ మొదట్ల క్యూఎము పేరుంటది. గా పేరు చూసి అందరు ఎమ్యులేటర్ పోయిందనుకుంటరు. నడుమ "టార్గెట్" అని ఉన్నది కదా, అది చదువు. టార్గెట్ అంటే నీ ప్రోగ్రామే. క్యూఎము పాపం చావు కబురు మోసుకొచ్చినోడు, అంతే. నిజంగ క్యూఎమే పోతే కొత్త వర్షన్లల్ల "క్యూఎము ఇంటర్నల్ సిగ్‌సెగ్‌వీ" అని వేరే లైన్ రాస్తది. పూర్తి సిస్టమ్ నడిపేటప్పుడైతే షెల్ కోర్ డంప్ అని చెప్తది, లేకుంటే అసర్ట్ మెసేజ్ పడ్తది.

ఎగ్జిట్ కోడ్ చూసి తేల్చుకుంటనంటే కుదరదు. యూజర్ మోడ్‌ల రెండిటికీ 139 వస్తది.

మల్లోక్_మియాపూర్
కాకా, నిజమే. మొదటి టెస్టులో "టార్గెట్" అనే ఉంది. ఇన్ని రోజులూ క్యూఎము పేరు చూసి దాన్నే తిట్టుకుంటున్నా.

పదహారు_బైట్లు
సిగ్నల్ 11 అని చూసి ఆగిపోకండి. ఎస్‌ఏ సిగ్‌ఇన్ఫో ఫ్లాగ్ పెట్టి ఒక హ్యాండ్లర్ రాసి అందులో సిగ్నల్ కోడ్ ప్రింట్ చేయండి. మామూలుగా మ్యాప్ కాని అడ్రస్ తాకితే 1 వస్తుంది. ఎంటీఈ సింక్ మోడ్‌లో (తప్పు జరిగిన చోటే ఆపేది) ట్యాగ్ కలవకపోతే 9, ఏసింక్ మోడ్‌లో అయితే 8. మీకు 9 వస్తే క్రాష్ అనకండి. మీ టెస్టు గెలిచినట్టు.

మల్లోక్_మియాపూర్
హ్యాండ్లర్ పెట్టా. 9 వచ్చింది! అడ్రస్ కూడా కరెక్టుగా ఫ్రీ చేసిన (వాడి వదిలేసిన) బఫర్‌దే. అంటే మూడు రోజులు "క్రాష్" అని ఏడ్చింది దీని కోసమా?

సెగ్‌ఫాల్ట్_సుబ్బడు
పెళ్ళికొడుకు వచ్చాడని తెలియక వంటవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయినట్టు.

నల్_నాగోల్
ఏసింక్ గురించి ఒక మాట కలుపుతా, నేను రెండు వారాలు పోగొట్టుకున్నది అక్కడే. ఏసింక్‌లో తప్పు జరిగిన ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగదు. ప్రాసెసర్ ఒక రిజిస్టర్‌లో గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత ఎప్పుడో కెర్నల్‌లోకి వెళ్ళినప్పుడు సిగ్నల్ వస్తుంది, అడ్రస్ సున్నా అని చూపిస్తుంది. సున్నా చూసి నేను నల్ పాయింటర్ కోసం కోడ్ మొత్తం గాలించా. ఈ హ్యాండిల్ పెట్టుకున్నది కూడా ఆ రెండు వారాల గుర్తుగానే.

యాపిల్_యాదగిరి
నాది వేరే బాధ. మ్యాక్‌లో ఎంటీఈ ఆన్ పెట్టి స్టార్ట్ చేస్తే బూట్ కాకముందే బయటికి వచ్చేస్తుంది.

కెర్నల్_కాక
హెచ్‌వీఎఫ్, గదే మ్యాక్‌ల వేగం పెంచే యాక్సిలరేటర్, పెట్టినవా?

యాపిల్_యాదగిరి
అవును. లేకపోతే నత్తలా నడుస్తుంది కదా.

కెర్నల్_కాక
గదే. నీ దగ్గరున్న వర్షన్‌ల ఆ యాక్సిలరేటర్ గెస్ట్‌కి ఎంటీఈ ఇయ్యదని మెసేజ్ పడ్తది, చదివినవా లేదా? అది క్రాష్ కాదు, క్యూఎమే కావాలని ఆగింది. టీసీజీకి, అంటే క్యూఎము సొంత ఎమ్యులేషన్‌కి మారు. నత్తనే గానీ ట్యాగులు పట్టుకునే నత్త.

పై_పిచ్చోడు
నేనైతే ఎమ్యులేటర్ గొడవ వద్దని రాస్‌బెర్రీ పై 5 కొన్నా. కేవీఎంలో, అంటే అసలు ప్రాసెసర్ మీదే, నేరుగా నడపొచ్చు అనుకున్నా.

పదహారు_బైట్లు
పై 5లో ఉన్నది కార్టెక్స్ ఏ76. అది ఆర్మ్ 8.2. ఎంటీఈ వచ్చింది 8.5తో. డబ్బులు దండగ.

పై_పిచ్చోడు
ఇంట్లో దాంతో సినిమాలు చూస్తున్నారు లెండి, పూర్తిగా దండగ కాదు.

మల్లోక్_మియాపూర్
మళ్ళీ నా గోడుకి వద్దాం. అదే టెస్టు కొన్నిసార్లు పాసైపోతోంది, దీని సంగతేంటి? వందసార్లు లూప్‌లో నడిపా, ఏడుసార్లు సిగ్నల్ రాలేదు. ఇదైనా ఎమ్యులేటర్ బగ్గేనా?

నల్_నాగోల్
ట్యాగ్ 4 బిట్లే కదా. 16 విలువలు. పాత ట్యాగూ కొత్త ట్యాగూ ఒకటే పడితే దొరకదు. 16లో 1 ఛాన్స్. అంటే వందకి ఆరు. సరిపోయింది.

పదహారు_బైట్లు
సరిపోలేదు, 15లో 1. కెర్నల్‌ని అడిగేటప్పుడు జీలిబ్‌సీ ఇచ్చే మాస్క్‌లో సున్నా ట్యాగ్ ఉండదు. యాదృచ్ఛికంగా పడేవి 1 నుంచి 15 వరకే.

అయినా అసలు ప్రశ్న అది కాదు. ఫ్రీ చేయగానే జీలిబ్‌సీ ఆ మెమరీని తన సొంత ట్యాగ్ అయిన సున్నాకి మార్చేస్తుంది. మీ పాత పాయింటర్‌లో సున్నా ఉండదు కాబట్టి, ఫ్రీ చేసిన వెంటనే తాకితే ప్రతిసారీ దొరకాలి. మీకు ఏడుసార్లు తప్పించుకుందంటే మధ్యలో ఇంకో మల్లోక్ (మెమరీ అడిగే కాల్) ఉండి ఉండాలి. మీ టెస్టు ఎలా రాశారు?

మల్లోక్_మియాపూర్
అవునండీ. ఫ్రీ చేసి, అదే సైజుకి మళ్ళీ మల్లోక్ అడిగి, ఆ తర్వాత పాత పాయింటర్‌తో రాస్తున్నా. లీడ్ "నిజ జీవితంలో అలాగే జరుగుతుంది" అన్నారు.

పదహారు_బైట్లు
మీ లీడ్ అన్నది నిజమే. అయితే అలా రాసిన టెస్టు ప్రతిసారీ పట్టుకుంటుందని అనుకోకూడదు. గుడి దగ్గర చెప్పుల స్టాండ్ అనుకోండి. ప్రతి 16 బైట్లు ఒక అర. అరకి ఒక టోకెన్ నంబర్, అదే నంబర్ మీ చేతిలోనూ ఇస్తారు. మీ చేతిలోది పాయింటర్ పై బిట్లలో, 56 నుంచి 59 వరకు, ఉంటుంది. ఈ స్టాండ్‌లో అరలు లక్షల్లో ఉన్నా టోకెన్ నంబర్లు పదహారే. చెప్పులు తీసుకెళ్ళాక కూడా మీరు పాత టోకెన్ జేబులో పెట్టుకుని తిరిగారు. మళ్ళీ వచ్చేసరికి ఆ అరలో వేరేవాళ్ళ చెప్పులున్నాయి. వాళ్ళకి కూడా ఖర్మ కాలి మీ నంబరే పడితే వాళ్ళ కొత్త చెప్పులు మీ కాళ్ళకి ఎక్కుతాయి.

కచ్చితంగా పట్టాలంటే టెస్టులో మల్లోక్ మీద ఆధారపడకండి. మీరే ఎమ్‌మ్యాప్‌లో పీఆర్‌ఓటీ ఎంటీఈ (ఈ పేజీకి ట్యాగింగ్ కావాలనే గుర్తు) పెట్టి పేజీ తీసుకుని, జీఎంఐ ఇన్‌స్ట్రక్షన్‌తో పాత ట్యాగ్‌ని మినహాయింపు మాస్క్‌లో చేర్చి, ఐఆర్‌జీతో కొత్తది తీసుకుని, ఎస్‌టీజీతో రాయండి. అప్పుడు రెండు ట్యాగులు ఒకటయ్యే వీలే లేదు.

ఇరానీ_చాయ్
పెద్దమ్మ గుడి దగ్గర నా చెప్పులు పోయాయి గత నెల. ఇప్పుడు అర్థమైంది, 4 బిట్ల టోకెన్.

సెగ్‌ఫాల్ట్_సుబ్బడు
నీ చెప్పులకి టోకెన్ కూడా దండగ, ఎవరూ ఎత్తుకెళ్ళరు. అవే పారిపోయి ఉంటాయి.

నల్_నాగోల్
15లో 1 ఒప్పుకున్నా. కానీ ఈ లెక్కన ఎంటీఈ సెక్యూరిటీ అంటూ ఊదరగొట్టడం ఎందుకు? దాడి చేసేవాడు పదిహేనుసార్లు ప్రయత్నిస్తే ఒకసారి తగుల్తుంది కదా.

కెర్నల్_కాక
మిగిలిన పద్నాలుగుసార్లు ప్రోగ్రామ్ కూలుతది కదా, అప్పుడు ఎవరికీ తెల్వకుంట ఉంటదా? దొంగ పద్నాలుగు ఇండ్ల తలుపులు ఇరగ్గొట్టి పదిహేనో ఇంట్లకు పోవాలె. ఊరంత లేచి కూసుంటది.

ఎన్‌డీకే_నార్సింగి
అలొకేటర్ (మెమరీ పంచే కోడ్) బట్టి కూడా మారుతుంది. ఆండ్రాయిడ్ అలొకేటర్ స్కూడోకి ఒక సెట్టింగ్ ఉంది. పక్కపక్క బ్లాకులకి సరి, బేసి ట్యాగులు ఇచ్చేలా పెట్టుకోవచ్చు. అప్పుడు పక్కింట్లోకి కాలు పెడితే ప్రతిసారీ దొరుకుతుంది. దానికి బదులు వాడి వదిలేసిన మెమరీ విషయంలో ఛాన్స్ కొంత తగ్గుతుంది.

నా సొంత అనుభవం ఇంకోటి. ఎంటీఈ ఫోన్లు రాకముందే, ఆండ్రాయిడ్ 11 నుంచి హీప్ పాయింటర్లకి పై బైట్‌లో ట్యాగ్ పెట్టడం మొదలైంది. మా యాప్‌లో ఒక పాత పెద్దమనిషి రాసిన కోడ్ ఉండేది. పాయింటర్ పై బైట్‌ని చెరిపేసి అందులో రిఫరెన్స్ కౌంట్ దాచుకునేవాడు. 11 మీద ఫ్రీ చేయగానే పాయింటర్ ట్యాగ్ తెగిపోయిందని అబార్ట్. మేం కూడా మొదట సిస్టమ్‌నే తిట్టాం.

మల్లోక్_మియాపూర్
ఇంకో డౌట్. 20 బైట్లు మల్లోక్ చేసి 21వ బైట్‌లో రాస్తే ఒక్కసారి కూడా దొరకలేదు.

పదహారు_బైట్లు
అర సైజు 16 అన్నాను కదా. 20 అడిగితే 32 బైట్లకి ఒకే టోకెన్. 33వ బైట్‌లో రాసి చూడండి. అక్కడ పక్క బ్లాక్ హెడర్ ఉంటుంది, దాని ట్యాగ్ సున్నా, తప్పకుండా దొరుకుతుంది. 21వ బైట్ పట్టుకోవాలంటే ఏశాన్ (కంపైలర్‌తో వచ్చే మెమరీ తనిఖీ సాధనం) వాడుకోండి. ఎంటీఈ ఆ పనికి కాదు.

మల్లోక్_మియాపూర్
33వ బైట్, 50కి 50 దొరికింది. మేడమ్, మీరు హైటెక్ సిటీ వైపు వస్తే చాయ్ నాది.

ఇరానీ_చాయ్
చాయ్ అంటే నన్ను పిలవకుండానా?

సర్వర్_సనత్‌నగర్
ఎమ్యులేటర్ మాయమైపోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నాకూ అదే జరిగింది. లోపలా బయటా ఏ ఎర్రర్ లేకుండా "కిల్డ్" అని ఒక్క ముక్క. హోస్ట్‌లో (క్యూఎము నడిచే అసలు మెషీన్‌లో) డీమెసేజ్, అంటే కెర్నల్ లాగ్, చూడు. నాది 8 జీబీ ల్యాప్‌టాప్, గెస్ట్‌కి కూడా 8 జీబీ ఇచ్చా. దానిపైన ట్యాగుల కోసం క్యూఎము విడిగా 32వ వంతు తీసుకుంటుంది, 8 జీబీకి 256 ఎంబీ. గెస్ట్‌లో పెద్ద అలొకేషన్ టెస్టు పెట్టగానే హోస్ట్ కెర్నల్ క్యూఎముని ఎత్తి పారేసింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి ఇంకో 8 జీబీ స్టిక్ వేయించుకున్నా, పోయింది సమస్య.

మల్లోక్_మియాపూర్
డీమెసేజ్ చూశా, ఓఓఎం (మెమరీ చాలక కెర్నల్ చంపడం) ఏమీ లేదు. ఆఫీస్ సర్వర్‌లో 64 జీబీ ఉంది. పైగా ఎప్పుడూ ఒకే టెస్టు దగ్గర, పదకొండోది. మిగతా పదమూడు నడుస్తాయి.

కెర్నల్_కాక
గదీ లెక్క. ఎప్పుడూ ఒక్క దగ్గర్నే పడ్తుందంటే దొరుకుతది. పదకొండో టెస్టు ఏం చేస్తది?

మల్లోక్_మియాపూర్
అది నెగెటివ్ టెస్టు. పీఆర్‌ఓటీ ఎంటీఈ లేకుండా మామూలు పేజీ మ్యాప్ చేసి, దాని పాయింటర్‌కి చేత్తో 7 ట్యాగ్ పెట్టి రాస్తా. పేజీకి ట్యాగింగ్ లేదు కాబట్టి ఏ చెకింగ్ లేకుండా రాయడం జరిగిపోవాలి. సిగ్నల్ వస్తే టెస్టు ఫెయిల్. సిగ్నల్ కాదు కదా, క్యూఎమే పోతోంది. యూజర్ మోడ్‌లో కూడా అదే, "ఇంటర్నల్" అన్న లైనే పడింది.

నల్_నాగోల్
ఆహా, ఈసారి నిజమైన చావే.

పదహారు_బైట్లు
మీ టెస్టు సరైనదే. ఆర్మ్‌లో పై బైట్‌ని పట్టించుకోరు, ట్యాగ్ లేని పేజీలో ట్యాగ్ పోలిక ఉండదు. కాబట్టి అది దాటిపోవాలి. ఇక్కడ నాది తాజా రిలీజ్, మీరు చెప్పినట్టే ఇప్పుడే రాసి నడిపా. హాయిగా పాసైంది. మీరు వాడే క్యూఎము ఏది? డిస్ట్రోదా?

మల్లోక్_మియాపూర్
సర్వర్‌లో ముందు నుంచే ఉందండీ. మా టీమ్‌లో ఎవరో ట్రేసింగ్ కోసం ప్యాచ్ వేసి బిల్డ్ చేసిన వర్షన్.

కెర్నల్_కాక
తమ్మీ!!!

సెగ్‌ఫాల్ట్_సుబ్బడు
ఈ ముక్క మొదటి పోస్టులో రాయాలి నాయనా. ఇంతమందిమి ఊరంతా వెతుకుతున్నాం, గొర్రె నీ చంకలోనే ఉంది.

నల్_నాగోల్
"ఎమ్యులేటర్ స్టేబుల్‌గా లేదు" అని మెయిల్ పెట్టావు చూడు, ఇప్పుడు ఆ మెయిల్ ప్యాచ్ రాసినవాడికి సీసీలో ఉందా?

మల్లోక్_మియాపూర్
ఉంది. ఇప్పుడే చూశా.

కెర్నల్_కాక
సరే, అయిందేదో అయింది. కోర్ డంప్ ఉంటే జీడీబీ డీబగ్గర్‌ల తెరిచి బ్యాక్‌ట్రేస్ తీయ్. చివరి ఫ్రేమ్ ట్యాగ్ చూసే హెల్పర్‌ల ఉంటే, ప్యాచ్‌ల ట్యాగ్ మెమరీ పాయింటర్ ఎక్కడ వాడిన్రో చూడు. పేజీకి ట్యాగులు లేకుంటే క్యూఎముల ఆ ఫంక్షన్ నల్ ఇస్తది. అసలు కోడ్ "నల్ వచ్చిందా, అయితే చెకింగ్ లేదు, పోనియ్" అని రాసుకున్నది. మీవోళ్ళు ఆ లైన్‌కి ముందట లాగ్ పెట్టిన్రు కావచ్చు.

మల్లోక్_మియాపూర్
కాకా, మీరు మా సర్వర్‌లోకి లాగిన్ అయ్యారా? అచ్చం అదే. పాయింటర్ ట్యాగ్ సున్నా కాకపోతే మెమరీ ట్యాగ్ ఎంతో ప్రింట్ చేయమని మూడు లైన్లు. నల్ చెక్ దాని కింద ఉంది. మామూలు పాయింటర్లలో ట్యాగ్ సున్నా కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తగల్లేదు. నా పదకొండో టెస్టే మొదటిసారి నాన్‌జీరో ట్యాగ్‌తో ట్యాగులు లేని పేజీకి వెళ్ళింది. ఆ మూడు లైన్లూ నల్ చెక్ కిందికి జరిపా. 14 టెస్టులూ నడిచాయి.

ఇరానీ_చాయ్
మెమరీ తప్పులు పట్టే సాధనంలో మెమరీ తప్పు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయట.

ఎన్‌డీకే_నార్సింగి
ఇంత అయ్యాక నా అభిప్రాయం చెప్తా, తిట్టొద్దు. ఎమ్యులేటర్‌తో ఆగిపోకండి. పిక్సెల్ 8లో డెవలపర్ ఆప్షన్లలో ఎంటీఈ ఆన్ చేసుకోవచ్చు, 2023 అక్టోబర్ నుంచి ఉంది. నిజమైన సిలికాన్ మీద ఒకసారి నడిపితే మనశ్శాంతి.

పదహారు_బైట్లు
ఒప్పుకోను. లాజిక్ టెస్టులకి క్యూఎమే సుఖం, ప్యాచ్ లేనిది అయితే. అరలో ఏ ట్యాగ్ ఉందో చూడొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. సింక్ ఎంత నెమ్మది, ఏసింక్ ఎంత వేగం అన్న కొలతలకి మాత్రం అస్సలు పనికిరాదు, ఆ టైమింగ్ అంతా అబద్ధం. దానికి ఫోనే కావాలి.

ఎన్‌డీకే_నార్సింగి
నేను అంటున్నది కూడా దాదాపు అదే కదా.

పదహారు_బైట్లు
"దాదాపు" దగ్గరే నా గొడవ. ముందు ఎమ్యులేటర్, తర్వాత ఫోన్.

కెర్నల్_కాక
ట్యాగులు కొత్త ముచ్చటేం కాదు. స్పార్క్ ఎం7 ప్రాసెసర్‌ల 2015ల్నే ఉండె, అందుల అర 64 బైట్లు. ఆర్మ్ 2018ల ప్రకటించింది, లైనక్స్ 5.10ల యూజర్ ప్రోగ్రాములకు వచ్చింది. 2025ల ఐఫోన్ 17ల కూడా పెట్టిన్రు. నేను సర్వీసుల చేరినప్పుడు మాకు ట్యాగ్ అంటే మెడల వేసుకునే ఐడీ కార్డే.

మల్లోక్_మియాపూర్
మేనేజర్‌కి రెండో మెయిల్ పెట్టా: ఎమ్యులేటర్ బాగానే ఉంది, మా ప్యాచ్‌లో తప్పు, సరిచేశాం, ఒక టెస్టు కూడా తిరగరాస్తున్నాం. ప్యాచ్ రాసినాయన పక్క క్యూబికల్‌లోనే ఉంటారు, ఇవాళ లంచ్‌కి నాతో రాలేదు.

సెగ్‌ఫాల్ట్_సుబ్బడు
బిర్యానీ తినిపించు, కరుగుతాడు. డబుల్ మసాలా అయితే త్వరగా.

ఫ్రెషర్_అమీర్‌పేట్
అన్నా నాకు కూడా క్యూఎము సిగ్నల్ 11 క్రాష్ వస్తుంది. ప్లీజ్ హెల్ప్, రేపు ప్రాజెక్ట్ డెమో.

కెర్నల్_కాక
సచ్చింది ఎవరు?

ఫ్రెషర్_అమీర్‌పేట్
అన్నా??

పదహారు_బైట్లు
పైకి వెళ్ళి కాక గారి మొదటి పోస్టు చదివి, ఆ ఎర్రర్ లైన్ మొత్తం ఇక్కడ పెట్టు తమ్ముడూ. ఏ క్యూఎమో, ఎవరు బిల్డ్ చేశారో కూడా రాయి.